అత్తగారి కుర్చీకి గోరంత కోత

ఆ దేశంలో మనిషి ఎంత చదివాడో అడగక్కర్లేదు, కూర్చోబెట్టి చూస్తే చాలు. చదువుకు ఏడు మెట్లు. మొదటి మెట్టువాడికి జానెడు ఎత్తు పీట. అక్కణ్ణించి మెట్టుకు మూడు వేళ్ళ చొప్పున ఆసనం లేస్తూ పోతుంది. ఏడో మెట్టు పండితులకు కాళ్ళు నేలకు ఆనవు. ఆనకపోవడమే గొప్ప.

ఏడేళ్ళకోసారి అందరికీ మళ్ళీ పరీక్ష. ఫలితం కాగితం మీద పంపితే జనం వాదనకు దిగుతున్నారని పెద్దలు ఆ పని వడ్రంగులకు అప్పజెప్పారు. వడ్రంగి ఇంటికొచ్చి కుర్చీ కాళ్ళకు ముక్కలు అతికితే పైకెళ్ళినట్టు, కోస్తే దిగినట్టు. రంపంతో ఎవరు వాదిస్తారు?

మన మేస్త్రి ఆ పేటకంతటికీ అలాంటి వడ్రంగి. అందరూ కోతల మేస్త్రి అంటారు గానీ, నోటితో ఒక్క కోతా కొయ్యడం రాని మనిషి. "ఒక్క వేలు వదిలెయ్యవయ్యా, ఎవరు చూడొచ్చారు" అని పెద్దపెద్దవాళ్ళు బతిమాలినా వదిలిన పాపాన పోలేదు. రంపం పడితే వెంట్రుకవాసి తేడా రానివ్వడు. అదే చేత్తో కలం పడితే మాత్రం చెమటలు. రెండో మెట్టు పరీక్ష మూడుసార్లు రాసి మూడుసార్లూ తప్పాడు. జానెడు పీట మీదే ఉండిపోయాడు.

జానెడు పీటవాడికి నాలుగో మెట్టు పిల్లనెవరిస్తారు? ఆ పిల్ల తల్లి ఇచ్చింది. ఆవిడ ఏడో మెట్టు. చుట్టాలంతా ముక్కున వేలేసుకుంటే, "ఇరవై మంది పండితులు వచ్చి పిల్లను చూసి వెళ్ళారు. మా తలుపు కిర్రుమంటోందని ఒక్కడికీ పట్టలేదు. ఇతను చిత్రిక పట్టాకే కూర్చున్నాడు" అని అందరి నోళ్ళూ మూయించింది. పెళ్ళయ్యాక అల్లుడు రాసిన ఆ మూడు పరీక్షలకూ తనే దగ్గరుండి చదివించింది. తప్పిన ప్రతిసారీ, "నీకు బుర్ర లేక కాదు అల్లుడూ, ఆ పరీక్షకే బుర్ర లేదు" అనేది. ఆవిడంటే మేస్త్రికి చచ్చేంత భయం. అంతకు మించిన ప్రేమ.

ఆ ఏడాది ఫలితాల చీటీల కట్ట విప్పితే ఐదో చీటీ మీద తన ఇంటి చిరునామా ఉంది. అత్తగారు ఏడు నుంచి మూడుకి దిగిపోయింది. పది ప్రశ్నల్లో ఆరింటికి జవాబు బదులు "ప్రశ్నే తప్పు" అని రాసి ఊరుకుందట. నలభై రోజుల్లో పన్నెండు వేళ్ళు కొయ్యాలి. ఆ మర్నాడు కొలతల అధికారి వచ్చి చూసుకుంటాడు. మేస్త్రి చీటీ పట్టుకుని రంపప్పొట్టు కుప్ప మీద కూలబడ్డాడు.

ఇంట్లో ఆవిడ అప్పటికే పండగ చేసుకుంటోంది. "వడ్రంగి ఇంకా మన గుమ్మం తొక్కలేదంటే నా మెట్టు నాకున్నట్టే" అంది, ఎదురుగా అన్నం తింటున్న వడ్రంగితో. అతను ముద్ద పళ్ళెంలోనే వదిలేశాడు. లేచి భార్యను పెరట్లోకి పిలిచి చీటీ చూపించాడు.

"అమ్మకెలా చెబుతారండీ?"

"చెప్పను. ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడల్లా రోజుకు గోరంత కోస్తాను. జుట్టు పెరగడం ఎవరికైనా తెలుస్తుందా?"

"జుట్టు మీద ఎవరూ కూర్చోరు కదండీ" అంది ఆమె. అయినా అంతకన్నా మంచి ఉపాయం తనకూ తోచలేదు.

మొదటి వారం సాఫీగా గడిచింది. ఎనిమిదో రోజు అత్తగారు భోజనాల బల్ల మీది గిన్నె వైపు అనుమానంగా చూసింది.

"అల్లుడూ, ఈ బల్ల పెరుగుతోందా?"

"కొయ్య కదండీ అత్తయ్యా. చెమ్మకు ఉబ్బుతుంది."

"నిలువునా ఉబ్బుతుందా?"

"మంచి కొయ్య అయితే అంతేనండీ."

పుట్టి బుద్ధెరిగాక మేస్త్రి ఆడిన మొదటి అబద్ధం అది. మర్నాడు బల్ల కాళ్ళు కూడా కొయ్యక తప్పలేదు. ఇంకో వారానికి ఆవిడ, "కిటికీలోంచి వీధి కనిపించడం లేదు, గోడ కూడా ఉబ్బిందా?" అంది. మేస్త్రి కిటికీ చట్రం ఊడబెరికి బెత్తెడు కిందికి దించి బిగించాడు. అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. ఇతని అబద్ధం అతకడానికి ఇల్లంతా సరిపోయేలా లేదు.

ముప్ఫయ్యో రోజుకు తల్లీ కూతుళ్ళ కుర్చీలు సమానమయ్యాయి. అక్కణ్ణించి కూతురు ఎత్తయిపోతోంది. కూతురి కుర్చీ కోద్దామంటే చీటీ లేదు. పాపం, ఆమె నడుం వంచి, మెడ లోపలికి లాక్కుని తినడం నేర్చుకుంది. "ఈ వయసుకే ఆ గూనేమిటే?" అని తల్లి ఒకటే గోల. ఈ గొడవంతటిలో బాగుపడింది మేస్త్రి ఒక్కడే. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళకు అతని మోచేతులు బల్ల మీదికి వచ్చాయి.

చివరి కోత కూడా అయింది. అధికారి వచ్చే వేళకు అత్తగారిని స్నానానికి పంపాలని మొగుడూ పెళ్ళాం నీళ్ళు కాచి పెట్టుకున్నారు. కానీ ఆయన పెందలాడే ఊడిపడ్డాడు. ఆవిడ కుర్చీలోనే ఉంది.

"లేవకండి పెద్దమ్మగారూ" అంటూ ఆయన వంగి కొలబద్ద ఆనించాడు. "మూడో మెట్టు. సరిగ్గా ఉంది. మేస్త్రీ, నీ చెయ్యి చెయ్యి కాదయ్యా!" అని చీటీ మీద ముద్ర కొట్టి వెళ్ళిపోయాడు.

ఆవిడ కిందికి చూసుకుంది. పాదాలు నేల మీద ఉన్నాయి.

"మూడా?"

"అవునండీ."

"బల్ల కూడా నువ్వేనా?"

"అవునండీ. కిటికీ కూడా."

"దీని గూని?"

"అదీ మా పుణ్యమేనండీ."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఒక్కసారిగా కోస్తే మీరు తట్టుకోలేరనుకున్నాను" అన్నాడు మేస్త్రి. "నిజం చెప్పాలంటే, నేనే తట్టుకోలేననిపించింది అత్తయ్యా."

ఆవిడ ఏడ్చింది. ముప్ఫయ్యేళ్ళు అందరికన్నా ఎత్తున కూర్చున్న మనిషి, ఏమీ దాచుకోకుండా చిన్నపిల్లలా ఏడ్చింది. కూతురు దగ్గరికి రాబోతే చేత్తో ఆపింది. కాసేపటికి ముక్కు చీదుకుని, "ఆ ప్రశ్నలు తప్పే" అంది.

"తప్పేనండీ."

"నీకేం తెలుసని! సరే, పీట ఇలా లాక్కుని ఎదురుగా కూర్చో."

కూర్చున్నాడు. ఆవిడ బల్ల మీదికి వంగి అతణ్ణి చాలాసేపు చూసింది.

"ఇన్నేళ్ళూ అన్నం దగ్గర నీ నడినెత్తితోనే మాట్లాడాను నాయనా. ఇవాళ్టికి కనుబొమల దాకా వచ్చాను. రంపం పట్రా. ఇంకో ఆరు వేళ్ళు కొయ్యి."

"ఆరు కోస్తే నా పీటంత అయిపోతుందండీ! చీటీలో అలా లేదు."

"ఎత్తు ఎక్కువైతే పట్టుకుంటారు గానీ, తక్కువైతే ఎవడడుగుతాడు?" ఆవిడ అప్పటికే లేచి కుర్చీని బోర్లా పడేసింది. "స్నానానికి పోను. ఇక్కడే నుంచుంటాను. నేను చూస్తుండగా కొయ్యి."