చేయెత్తితే ఆగే సైకిలు

ప్రాణహిత ఒడ్డున పుట్టి, ఆ నీళ్లే తాగి పెరిగి, నలభై రెండేళ్లు వచ్చేదాకా మోకాలు దాటిన నీళ్లలో దిగని మగాడు సిరోంచలో ఒక్కడే ఉండేవాడు. అతని పేరు వసీమ్. ఉద్యోగం టపా పంచడం. వసీమ్ చిన్నప్పుడు మేనమామ ఒకాయన నదిలో కొట్టుకుపోయాడు. ఆ రోజు నుంచి వాళ్లమ్మ కొడుకును ఒడ్డు ఛాయలకు పోనివ్వలేదు. ఆవిడ కన్నుమూసి పదేళ్లయినా ఆ ఆజ్ఞ మాత్రం అమల్లోనే ఉంది. తల్లులు పెట్టిన నిషేధాలకు గడువు తేదీ ఉండదు.

అలాంటివాడు ట్రయాథ్లాన్‌కు పేరిచ్చాడు.

అదేమిటని అడిగిన ప్రతివాడికీ వసీమ్ ఓపిగ్గా చెప్పేవాడు. ముందు నదిలో ముప్పావు కిలోమీటరు ఈత. ఒడ్డెక్కి ఆ తడి బట్టలతోనే ఇరవై కిలోమీటర్లు సైకిలు. సైకిలు దిగి అయిదు కిలోమీటర్ల పరుగు. మధ్యలో కూర్చోవడం లేదు. మొత్తం రెండు గంటల పది నిమిషాల్లో ముగించిన వాళ్లందరినీ పేరు పెట్టి పిలిచి మెడలో పతకం వేస్తారు. ఒక్క సెకండు దాటినా పిలవరు. ఆటల మీద మోజున్న కొందరు కలిసి ఫిబ్రవరిలో ఒక ఆదివారం సిరోంచలోనే పెట్టారు ఆ పోటీ.

"సైకిలు సరే, రోజూ తొక్కుతనే ఉన్నవ్. పరుగు సరే, ఊరకుక్కలు నేర్పినయ్. ఈత ఎట్ల?" అంది భార్య జోహ్రా.

"నేర్చుకుంట."

"ఈ వయసులనా? ఇగ నాకు పరేషానే," అని జోహ్రా రొట్టెల పీట మీదికి తల వంచేసింది. వద్దని మాత్రం అనలేదు. అతను ఎందుకు పేరిచ్చాడో ఆమెకు తెలుసు.

ఇరవై ఏళ్ల కిందట వసీమ్ అటవీ శాఖలో గార్డు ఉద్యోగానికి పోయాడు. రాత పరీక్ష గట్టెక్కాడు. ఇరవై అయిదు కిలోమీటర్లు నాలుగు గంటల్లో నడవాలన్నారు. వసీమ్ నడిచాడు కానీ, చివరి గీత చేరేసరికి రెండు నిమిషాలు ఆలస్యమైంది. గడియారం పట్టుకున్నాయన తల కూడా ఎత్తకుండా పేరు కొట్టేశాడు. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. తర్వాత ఈ టపా కొలువు దొరికింది, పెళ్లయింది, కూతురు ఆఫియా పుట్టింది, బతుకు బాగానే సాగింది. అయినా ఆ రెండు నిమిషాలు మాత్రం చెప్పులో దూరిన ఇసుకలా ఎప్పుడో ఒకప్పుడు గుచ్చుతూనే ఉండేవి. జీవితంలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, గడియారానికి ఇవతలి వైపు నిలబడాలని అతని కోరిక. పతకం బరువెంతో, అందులో ఇత్తడెంతో అతనికి అక్కర్లేదు. టైమ్‌లోపల వచ్చావని ఎవరో ఒకరు పేరు పెట్టి పిలవాలి.

ఈత నేర్పింది ఆశన్న. వంతెన రాకముందు ఆశన్న ఆ రేవులో పడవ నడిపేవాడు. ఇప్పుడు ఒడ్డున రెండెకరాల వరి. అరవై దాటినా నీళ్లలో దిగితే మనిషికి ఇరవై ఏళ్లు తగ్గేవి. అక్టోబరులో నది నెమ్మదించాక, పొద్దున్నే వసీమ్ చంకల కింద లారీ ట్యూబు వేసి నీళ్లలోకి నడిపించాడు.

"కాకా, ఇక్కడ లోతెంత?" అన్నాడు వసీమ్, పళ్లు టకటకలాడుతుంటే.

"లోతుతోని నీకేం పని? ఊపిరి మీదికెల్లి పీలుస్తవా, కిందికెల్లి పీలుస్తవా?"

"మీదికెల్లే."

"మరి కింద ఎంతుంటే ఏంది! చేతులాడియ్యి."

పదిహేను రోజులు వసీమ్ ఈదిన దానికంటే మింగిందే ఎక్కువ. ఒడ్డున బట్టలుతికే వాళ్లకు అది ఉచిత వినోదం. "పోస్టుమన్ సారు గంగకు ఉత్తరం ఇయ్య పోతున్నడు," అని నవ్వేవాళ్లు. నవ్విన నాపచేనే పండుతుందంటారు. దీపావళి దాటేసరికి ట్యూబు పోయింది. సంవత్సరం మారేసరికి ఆశన్న ఒడ్డున కూర్చుని బీడీ కాలుస్తుంటే, వసీమ్ ఒంటరిగా అవతలి ఇసుక దిబ్బ దాకా పోయి వచ్చాడు. ఆ రోజు అతను నదికి ఎదురుగా నిలబడి అమ్మకు మనసులో క్షమాపణ చెప్పుకున్నాడు. కళ్లు తుడుచుకుంటూ, నది నీళ్లు కళ్లలోకి పోయాయని ఆశన్నతో అబద్ధం చెప్పాడు.

పోటీ రోజు పొద్దున ఆరున్నరకు నూరు మంది దాకా ఒడ్డున చేరారు. చంద్రపూర్ నుంచి, నాగపూర్ నుంచి వచ్చిన వాళ్ల సైకిళ్లు రెండు వేళ్లతో ఎత్తేంత తేలిక. వసీమ్‌ది టపా సంచులు మోసిన నల్ల సైకిలు. ముందు రోజు దాని క్యారియరు, స్టాండు విప్పేసి, గొలుసుకు నూనె పెట్టాడు. బోడిగా కనిపించిన ఆ సైకిలును చూసి ఆఫియా, "అబ్బూ, దీనికి గుండు చేయించినవా?" అని పడీపడీ నవ్వింది.

ఈత గండం గడిచింది. చివరి నుంచి ఆరోవాడుగా అయితేనేం, ప్రాణాలతో, లెక్క ప్రకారం ఒడ్డెక్కాడు. సైకిలెక్కాక కథ మారింది. అల్లపల్లి రోడ్డు అతను పందొమ్మిదేళ్లుగా రోజూ తొక్కుతున్న రోడ్డు. సిరోంచలో సంచి తీసుకుని పోయి ఆ వైపు ఏడు ఊళ్లకు పంచడమే అతని పని. ఎక్కడ గుంత ఉందో, ఎక్కడ ఎత్తు మొదలవుతుందో కాళ్లకు కంఠస్థం. పది కిలోమీటర్ల దగ్గర మలుపు తిరిగి వెనక్కి వస్తుంటే ఖరీదైన సైకిళ్లు నాలుగింటిని దాటేశాడు. మనసులో లెక్క వేసుకున్నాడు. ఈ జోరు సాగితే మూడు నిమిషాలు మిగులుతాయి. వసీమ్ గట్టిగా నవ్వాడు. ఎదురుగాలి నోట్లోకి వచ్చినా నవ్వాడు.

మలుపు దాటి మూడు కిలోమీటర్లు వచ్చాక, రోడ్డు పక్క ఊళ్లో పోచన్న అనే ఆయన ఇంటి ముందు ఒక మనిషి చేయెత్తాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పందొమ్మిదేళ్లలో ఆ రోడ్డు మీద ఎవరు చేయెత్తినా వసీమ్ ఆగకుండా పోలేదు. మోటారు సైకిలు కొందామని రెండుసార్లు అనుకుని, పదడుగులకోసారి ఆపే బండికి మోటారెందుకని మానుకున్నాడు. ఇప్పుడూ బుర్ర వద్దనే లోపే వేళ్లు బ్రేకు నొక్కేశాయి.

చేయెత్తింది జంగు. పోచన్నకు స్నేహితుడు, అడవి లోపలి జింగనూర్ మనిషి. చేతిలో ఖాకీ కవరు.

"రాం రాం వసీమ్ భాయ్. నీ కోసమే నిలబడ్డ. నిన్న నేనొచ్చేసరికి పోస్టాఫీసు బందయింది. ఇయ్యాల ఎనిమిదింటికి నువ్వు ఈ తొవ్వనే సైకిల్ మీద వస్తవని పోచన్న చెప్పిండు."

పోచన్న చెప్పింది నిజమే. ఎందుకు వస్తాడో మాత్రం చెప్పలేదు.

"ఇయ్యాల ఐతారం జంగూ. నేను పోటీల ఉన్న!"

ఇందాక వసీమ్ దాటేసిన నలుగురూ టోపీలు పెట్టుకుని సర్రున దూసుకుపోయారు. జంగు వాళ్లను ఎగాదిగా చూశాడు. "గంత జల్ది పోతున్నరు, వాళ్లు గుడ పోస్టోళ్లేనా?"

వసీమ్‌కు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "సరే, తే. ఏంది గది?"

"మా బిడ్డ ప్రతిభది. గడ్చిరోలిల నర్సింగ్ కాలేజ్ ఫారం. బుధవారానికి అందాలెనట."

సోమవారం ఇక్కడి ఊళ్లో ఇస్తే మంగళవారం గాని సిరోంచలో టపా బండెక్కదు, బుధవారానికి అందదు. ఈ రోజు తను పట్టుకుపోతే సోమవారం పొద్దున్నే ఎక్కుతుంది. అందుకని కవరు తీసుకున్నాడు. తీసుకుని పోతే ఇరవై సెకండ్లతో పని అయిపోయేది. కానీ కవరు అంటించి లేదు. అంటించని కవరు ఇస్తే లోపలి కాగితం చూసి తీసుకోవడం వసీమ్ అలవాటు. రాయడం రానివాళ్ల కాగితాలు ఎన్ని తిరిగొచ్చాయో చూసినవాడు కదా! చూశాడు. అన్నీ ఉన్నాయి. అడుగున తండ్రి సంతకం చోటు మాత్రం ఖాళీగా ఉంది.

"జంగూ, నీ సంతకం లేదు. గిట్ల పంపితే పక్కకు పడేస్తరు. పెట్టు."

"పెన్నియ్యి."

పందొమ్మిదేళ్లుగా పెన్ను లేకుండా గడప దాటని వసీమ్ ఛాతీ తడుముకున్నాడు. ఈత బట్టలకు జేబు ఉండదు. పోచన్న భార్య లోపలికి పరుగెత్తి పెన్ను తెచ్చింది. అది రాయలేదు. ఇంకోటి తెచ్చింది. జంగు ఫారాన్ని అరుగు మీద పరిచి, వంగి, మొదలుపెట్టాడు. సంతకం అతను పెద్దయ్యాక, పంతం పట్టి నేర్చుకున్నది. ఒక్కో అక్షరానికీ ఊపిరి బిగబడుతున్నాడు. వేలిముద్రకైతే ఒక్క క్షణం చాలు.

వసీమ్ కాలు నేల మీద నిలవడం లేదు. లోపల గడియారం టకటక కొట్టుకుంటోంది. 'జల్ది' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ సంతకం పెట్టేవాణ్ని తొందరపెట్టకూడదన్నది అతను ఉద్యోగంలో తనకు తాను పెట్టుకున్న నియమం. ఆ మాటను మింగేశాడు. జంగు చివరి అక్షరానికి తోక కూడా గీశాక, వసీమ్ కవరును పోచన్న భార్య ఇచ్చిన ప్లాస్టిక్ సంచిలో చుట్టి, బనీను లోపల దోపుకుని సైకిలెక్కాడు. మూడు నిమిషాలు పైనే అయ్యాయి.

మిగిలిన దారంతా ఒళ్లు మరిచి తొక్కాడు. సైకిలు దిగి పరుగు మొదలుపెట్టాడు. పొట్ట మీద ప్లాస్టిక్ కాగితం కరకరలాడుతోంది. పిక్కలు రాళ్లయ్యాయి. ఆఖరి వీధి మలుపులో ఆఫియా పక్కనే పరుగెడుతూ, "అబ్బూ, ఒక్క నిమిషమే ఉన్నది, ఉరుకు!" అని అరిచింది. ఉరికాడు. ఉన్నదంతా పెట్టి ఉరికాడు.

గీత దాటేసరికి గడియారం రెండు గంటల పది నిమిషాల పదకొండు సెకండ్లు చూపిస్తోంది.

పేరు పిలవలేదు. ఆఫియా ఏడ్చేసింది. కారణం తెలిశాక ఇంకా ఏడ్చింది. "ఎవలన్న పోటీల ఆగి సంతకాలు పెట్టిపిస్తరా అబ్బూ?"

వసీమ్ నేల మీద కూలబడి, ఆ పాత బాధ కోసం ఎదురుచూశాడు. రెండు రోజులు అన్నం ముట్టనివ్వని ఆ బాధ. వచ్చింది, కానీ పూర్తిగా రాలేదు. గుమ్మం దాకా వచ్చిన చుట్టంలా తొంగిచూసి, లోపల ఎవరో ఉన్నారని వెళ్లిపోయింది. బనీను లోంచి కవరు తీసి చూసుకున్నాడు. ఒక్క చుక్క చెమట అంటలేదు. అప్పుడు అతనికి నిజంగా సంతోషం వేసింది.

ఆశన్న వచ్చి భుజం తట్టాడు. "నీళ్లలకెల్లి నిలువుగ నడుచుకుంట బయటికొచ్చినవ్. నాకు గదే చాలు." జోహ్రా చాయ్ గ్లాసు చేతికిచ్చి, తువ్వాలు కప్పింది. మధ్యాహ్నం వసీమ్ రెండుసార్లు అడిగి మరీ అన్నం పెట్టించుకున్నాడు.

సోమవారం పొద్దున కవరు బండెక్కింది.

నెల తిరిగాక ప్రతిభ పేరున రిజిస్టరు ఉత్తరం వచ్చింది. జింగనూర్‌కు టపా ఆలస్యమవుతుందని ఫారంలో పోచన్న ఇంటి చిరునామాయే రాశారు. కబురందుకుని జంగు వచ్చి కూర్చున్నాడు. వసీమ్ ఉత్తరం చదివి వినిపించాడు. సీటు వచ్చింది. జంగు ఆ కాగితాన్ని కళ్లకద్దుకుని అడిగాడు.

"ఆనాడు నీ పోటీ ఏమాయె భాయ్? గెలిచినవా?"

"లేదు. పదకొండు సెకండ్లు లేటైన."

జంగు వేళ్లు మడిచి ఏదో లెక్క చూసుకున్నాడు. ముఖం మాడిపోయింది. "నా సంతకంతోనే గద."

"ఫారం అయితే టైమ్‌కు పోయింది గద," అన్నాడు వసీమ్. రిజిస్టరు పుస్తకం తెరిచి, జేబులోంచి పెన్ను తీసి అతని ముందు పెట్టాడు. "బిడ్డ ఉత్తరం ముట్టిందని ఇక్కడ పెట్టు. జర నిదానంగనే పెట్టు. ఇయ్యాల గడియారం లేదు."

జంగు అరుగు మీద సర్దుకు కూర్చున్నాడు. పెన్ను రెండుసార్లు విదిలించి, పేరులో ఒక్క అక్షరం కూడా మింగకుండా సంతకం పెట్టాడు.