స్టీరింగ్ బాబాయ్ రాసిచ్చిన కాగితం

ముప్పై నాలుగేళ్లు బస్సు నడిపి రిటైరైన ఆయన్ని వీధిలో అందరూ స్టీరింగ్ బాబాయ్ అనేవారు. సర్వీసంతా ఒక్క మనిషికీ గీత పడనివ్వలేదని ఆయనకు పేరు. భార్యకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయాక, పాత తెల్ల కారే ఆవిడకు కాళ్లయింది. వారానికి మూడుసార్లు సముద్రం పక్క రోడ్డు మీదుగా ఆస్పత్రికి తీసుకెళ్లి, చేతికి వ్యాయామం చేయించుకొచ్చేవాడు. ఆ ఊళ్లో వాన పట్టుకుందంటే నెలల తరబడి తెరిపివ్వదు. బస్సు మెట్లు ఎక్కడం ఆవిడ వల్ల కాదు.

డెబ్బై నాలుగో ఏట ఆయన ఎడమ కన్ను పక్కచూపు మసకబారింది. కంటి నరం దెబ్బతిందని చెప్పింది డాక్టరమ్మ.

"వానలో మాత్రం బండి తీయకండి. అసలు మానేస్తే ఇంకా మంచిది."

ఆవిడ రాసిచ్చిన చీటీ మడిచి ఆయన జేబులో పెట్టుకున్నాడు. ఇంట్లో చెప్పలేదు. నెల తిరక్కుండా కారు ఇన్సూరెన్సు రెన్యువల్ ఫారం వచ్చింది. కంటి జబ్బులేమైనా ఉన్నాయా అని అడిగినచోట పెన్ను కాసేపు ఆగింది. లేవని టిక్కు పెట్టి సంతకం చేశాడు.

ఏడాది గడిచింది. ఒక ఉదయం ఆస్పత్రికి వెళ్తుంటే వాన ఏకధారగా కురుస్తోంది. వైపర్లు తుడిచేలోపే అద్దం మళ్లీ నీళ్లతో నిండిపోతోంది. మార్కెట్ మలుపులో కారు ఎడమ పక్క అద్దం దేనికో తగిలి టప్పుమంది.

"ఆపండి! ఎవరో పడ్డారు!" అని భార్య కేక పెట్టింది.

దిగి చూస్తే, రోడ్డు అంచున ఒకావిడ మణికట్టు పట్టుకుని కూలబడి ఉంది. గొడుగు కాలవలో తేలుతోంది. ఆవిడ ఆ వీధి చివర జాకెట్లు కుట్టే టైలరమ్మ. "కుడి చెయ్యే... అయ్యో, కుడి చెయ్యే" అని అదే మాట అంటోంది. ఆయనే ఆవిడను ఆస్పత్రిలో చేర్చాడు. ఎముక రెండుచోట్ల విరిగిందన్నారు.

మర్నాడు ఇన్సూరెన్సు ఏజెంటు వచ్చాడు. ఇరవై ఏళ్లుగా ఇంటి మనిషిలాంటివాడు.

"మీరేం కంగారుపడకండి బాబాయ్. ఆవిడే గొడుగు అడ్డం పెట్టుకుని కారు ముందుకొచ్చిందని రాద్దాం. మీరిద్దరూ తప్ప చూసినవాళ్లెవరూ లేరుగా."

"అలా రాస్తే ఆవిడకేం వస్తుంది?"

"తప్పు ఆవిడదైతే పెద్దగా ఏం రాదు. మీ మీద మాత్రం మచ్చ పడదు. ఈ వయసులో కంటిచూపు అదీ ఇదీ అన్నారంటే లైసెన్సుకే ఎసరు."

ఆయన చెయ్యి చాపాడు. "కాగితం ఇటివ్వు. నేనే రాస్తా."

వంకర అక్షరాలతో నాలుగు వాక్యాలు రాశాడు. ఆవిడ తన దారిన తాను నడుస్తోంది. నాకు కనబడలేదు. ఏడాదిగా ఎడమ కంటికి పక్కచూపు లేదు. ఆ సంగతి ఫారంలో దాచాను. ఏజెంటు పైకి చదివి తల పట్టుకున్నాడు.

లోపలి గదిలో మంచం మీదున్న భార్య అంతా వింది. ఏజెంటు వెళ్లాక అడిగింది.

"ఏడాదిగా నా పక్కనే కూర్చుని నడిపారు. ఒక్క మాట చెప్పలేకపోయారా?"

"చెప్తే ఆస్పత్రికి రానంటావు."

"రాననేదాన్నే. అందుకే చెప్పాల్సింది."



కంపెనీ టైలరమ్మకు వైద్యం ఖర్చు, పని పోయినందుకు పరిహారం ఇచ్చింది. ఆయన కారుకు ఇక ఇన్సూరెన్సు ఇవ్వనంది. మిగతా కంపెనీలూ అదే మాట అన్నాయి. లైసెన్సు ఆయనే వెళ్లి అప్పజెప్పి వచ్చాడు. ఎండగా ఉన్న రోజున ఆటో దొరికేది. వాన పడితే అంత దూరం ఎవరూ వచ్చేవారు కాదు. ఆస్పత్రికి వారానికి మూడుసార్లు వెళ్లేది ఒకసారికి తగ్గింది, ఆపైన అదీ లేదు. తెరుచుకోవడం మొదలైన భార్య వేళ్లు మళ్లీ పిడికిలిలా బిగుసుకుపోయాయి.

టైలరమ్మ చేతి కట్టు విప్పిన నెలకు ఆయన వాళ్లింటికి వెళ్లాడు. మిషను మీద గుడ్డ కప్పి ఉంది. సూదిలో దారం ఎక్కించడానికి వేళ్లు సహకరించడం లేదని చెప్పిందావిడ.

"మీరు ఉన్నదున్నట్టు రాశారట. ఆ మేలు మర్చిపోను. కానీ బాబాయ్‌గారూ, ఆ ముక్క ఏడాది ముందు రాసుంటే?"

నిష్ఠూరంగా అనలేదు. నిజంగానే అడిగింది.

"రాయలేదమ్మా" అన్నాడాయన.

ఆవిడ ఎడమ చేత్తో స్టూలు ముందుకు జరిపి, కూర్చోమంది.