గెడ్డ మధ్యలో తల్లి బొమ్మ

చర్చి పక్కన పాస్టరమ్మగారింట్లో ఒక పాత పుస్తకం ఉండేది. ఏదో విదేశీ నాటకం. అందులో ఒక సన్నివేశానికి ఎప్పటి చిత్రకారుడో వేసిన బొమ్మ ఉంది: నల్లటి ఆకాశం, మెరుపు, పొంగిన నది, గుండెల్లోతు నీళ్లలో జుట్టు విరబోసుకున్న తల్లి. రెండు చేతులతో బిడ్డను తన ముఖానికి ఎదురుగా ఎత్తి పట్టుకుని ఉంటుంది. తర్వాతి పేజీలు చెదలు తినేశాయి. ఆవిడ దాటిందో లేదో తెలియదు. చిన్నప్పుడు ఆ బొమ్మంటే నాకు హడలు. అయినా వెళ్లిన ప్రతిసారీ తీసి చూసేదాన్ని.

ఒకసారి మా అమ్మకి చూపించాను. పడీ పడీ నవ్వింది.

"ఏటే ఈ యెర్రిమొకం? రెండు సేతులూ బిడ్డకే ఇచ్చేత్తే ఊతకర్ర ఎవులు పట్టుకుంటారు? బిడ్డని ఈపుకి కట్టుకోవాల. ఈ బొమ్మేసినోడు ఎప్పుడూ గెడ్డ దాటలేదే!"

ఆ నవ్వుతో నా భయం సగం పోయింది.

మొన్న వానల్లో నా కూతురికి జ్వరం వచ్చింది. నాలుగేళ్ల గుంట. తెల్లారేసరికి కళ్లు తేలేసింది, పిలిస్తే పలకదు. పాడేరు ఆసుపత్రికి చేర్చాలి. మా ఊరికీ రోడ్డుకీ మధ్య పారే గెడ్డకి వంతెన లేదు, అంబులెన్సు అవతలి ఒడ్డు దాకానే వస్తుంది. దాన్ని ఆపడానికి మా ఆయన ముందే దాటి రోడ్డెక్కాడు. అమ్మ పాతచీరతో బిడ్డను నా వీపుకి బిగించి కట్టి, చేతికి కర్ర ఇచ్చి, తను ముందు దిగింది.

నీళ్లు నడుము దాటాయి. అంతవరకూ బిడ్డ ఊపిరి నా మెడకి సెగలా తగులుతూనే ఉంది. గెడ్డ మధ్యకి వచ్చాక ఆ సెగ తెలియలేదు. నా మెడే చలికి మొద్దుబారిందో ఏమో. పిలిచాను. ఆ హోరులో పలికినా వినపడదు. తల తిప్పితే కాలు జారుతుంది. ఓరి దేవుడా, నేను మోస్తున్నది బిడ్డనేనా? ఆపైన అనుకోవడానికి ధైర్యం చాల్లేదు.

"అమ్మా, గుంట ఎలాగుందో సూడే!" అని అరిచాను.

"యెనక్కి తిరక్కు! కాలు సూసుకో. బేగి నడు!"

అమ్మ కూడా వెనక్కి తిరగలేదు. తిరగడానికి భయపడింది.

ఆ బొమ్మ నాకు అప్పుడర్థమైంది. బిడ్డ ముఖం చూడకుండా ఆ తల్లి ఇంకో అడుగు వెయ్యలేకపోయింది. నేనూ కర్ర వదిలేద్దును. అమ్మ నవ్విన నవ్వు గుర్తొచ్చి వదల్లేదు.

గట్టెక్కాక ముడి విప్పబోతే వేళ్లు ఆడలేదు. తడికి ముడి బిగుసుకుపోయింది. అమ్మ పంటితో లాగింది. బిడ్డ తల పక్కకి వాలిపోయింది. అమ్మ చెంప మీద తట్టింది. ఇంకోసారి గట్టిగా తట్టింది. గుంట కెవ్వుమంది.

అమ్మ బురదలోనే కూలబడింది. తడిసిన పాతచీర పిండుతూ, నా వైపు చూడకుండా అంది:

"ఆ బొమ్మలోదే నయవే. మొకవైనా సూసుకుంది."