పదును ఆరేలోగా

మా అప్ప చేత ఎడ్లు అమ్మించింది నేనే. ఈ ముక్క ముందే చెప్పేస్తే తర్వాత దాచుకోవలసినంత పెద్దదేమీ మిగలదు.

అప్ప అంటే మా వైపు అక్క. చీపురుపల్లి దాటాక ఆవిడకి రెండెకరాల మామిడి తోట ఉంది. బావ లారీ మీద నెలలో ఇరవై రోజులు ఒడిశా దారిలోనే ఉంటాడు. కాబట్టి తోట, ఎడ్లు, వాటి అలకలు అన్నీ అప్పవే. ఏటా తొలకరికి చెట్ల వరసల మధ్య దున్ని నువ్వులు చల్లుతుంది. పెద్ద ట్రాక్టర్లు ఆ తోటలోకి రావు. వస్తే కొమ్మలో, డ్రైవరు తలో, ఏదో ఒకటి విరగాలి.

నేను కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. అందుచేత నాకు యంత్రాలు తెలుసని ఇంట్లో వాళ్ళకొక అపోహ. నాకూ ఉండేది. నెల్లిమర్ల వైపు ఒక రైతు నడుమెత్తు కూడా లేని పాత చిన్న ట్రాక్టరు అమ్మేస్తున్నాడని విని, నెల రోజులు అప్ప చెవినిల్లు కట్టుకుని పోరాను. ఎడ్లు వెళ్ళిపోయాయి. ట్రాక్టరు వచ్చింది. తనంతట తను రాలేదు, ఇంకో బండి మీద వచ్చింది. అమ్మినాయన నిజాయితీపరుడు. “అప్పుడప్పుడు ఆగుతాదండి,” అన్నాడు. ఎప్పుడెప్పుడని నేను అడగలేదు.

ఊరి చివర చర్చి పక్కన షెడ్డున్న మెకానిక్‌ని పిలిచాను. మెత్తని మాట, గట్టి చెయ్యి. వారం రోజులు తుప్పు గీకాడు, కిరసనాయిలుతో కడిగాడు, నాజిల్ మార్చాడు. పాత యజమాని ఇంటివాళ్ళు ఏటా దసరాకి పెట్టిన పసుపూ కుంకుమా తప్ప అంతా వదలగొట్టాడు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. పది నిమిషాలు ఆడింది. ఆగింది.

శుక్రవారం సాయంత్రం వాన పడింది.

మాది ఎర్ర నేల. వాన వెలిసిన ఒకటిన్నర రోజుకి దున్నడానికి పదును వస్తుంది. ఎండ కాస్తే ఆ మర్నాటికే ఆరి రాయి అవుతుంది. ఊళ్ళో మిగిలిన రెండు జతల ఎడ్లనీ అప్పటికే ఎవరెవరో మాట్లాడేసుకున్నారు.

“ఒరే, ఈ పదునుకి దున్నకపోతే తోట కౌలుకిచ్చెస్తాను. పక్క తోటాయన అడుగుతన్నాడు. ఆయనకి ఎడ్లున్నాయి,” అంది అప్ప.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. ఆ మామిడి మొక్కలకి బిందెలతో నీళ్ళు మోసి పెంచింది ఆవిడే. వాటి కింద ఇంకొకరి నాగలి తిరుగుతుంటే గట్టు మీద నిలబడి చూడడం ఆవిడ వల్ల కాదు. ఆ సంగతి నోటితో చెప్పలేదు. ఆ పూట పొయ్యి మీద పాలు రెండుసార్లు పొంగిపోనిచ్చింది.

ఆదివారం మెకానిక్ చర్చిలో ఆరాధన అయ్యాకే వచ్చాడు. అప్పటిదాకా నేను తోటకీ రోడ్డుకీ మధ్య ఎన్నిసార్లు తిరిగానో కాళ్ళకే తెలియాలి. వెళ్ళినప్పుడల్లా గుప్పెడు మట్టి తీసి నలిపి చూసేవాణ్ణి, నేను నలపకపోతే అది ఆరిపోతుందన్నట్టు. ట్రాక్టరు మాత్రం పద్ధతి తప్పలేదు. పది నిమిషాలు దున్నేది, దగ్గేది, ఆగేది. మెకానిక్ టాంకు మూత తీసి డీజిల్ చూసేవాడు, బోల్టు వదులు చేసి పైపుల్లో గాలి తీసేవాడు, మళ్ళీ తిప్పేవాడు.

“ఎయిర్ లాగుతన్నాది మాస్టారూ.”

“ఎక్కణ్ణుంచి?”

“అదే తెలిస్తే ఇంటికెల్లిపోదును.”

సోమవారం కాలేజీకి సెలవు పెట్టాను. ఫిల్టరు మారింది, పైపులు మారాయి, వాషర్లు మారాయి. పది నిమిషాలు మాత్రం మారలేదు. మధ్యాహ్నానికి మట్టి చేతిలో పిండిలా రాలడం మొదలుపెట్టింది. అన్నం తెచ్చిన అప్ప క్యారేజీ పట్టుకుని కాసేపు నిలబడి చూసింది.

“ఒరే, నానొకటి సూస్తన్నాను. మీరు మూత తీసి నూనుందా నేదా అని తొంగి సూసినాక బతుకుతన్నాది. మూత బిగించినాక సస్తన్నాది. మూత తీసీసే తోలండి.”

మేమిద్దరం తెలిసినవాళ్ళలా నవ్వాం.

“దుమ్ము పడతాదమ్మా,” అన్నాడు మెకానిక్.

నా నవ్వు సగంలో ఆగింది. నూనె డబ్బాకి ఒకే చిల్లు పెడితే నూనె రాదనీ, గాలి పోవడానికి రెండోది పొడవాలనీ వాతావరణ పీడనం పాఠంలో ఏటా పిల్లలకి చెబుతాను. ఎంతో బాగా చెబుతానని పేరు కూడా ఉంది.

“ఆ మూతకి గాలి చిల్లు ఉండాలి కదూ?”

“ఉంటాదండి. నడిమిన.”

నడిమిన బొట్టు ఉంది. ఎన్ని దసరాల పసుపో, కుంకుమో, కారిన డీజిల్‌తో కలిసి లక్కలా బిగుసుకుపోయి ఉంది.

“బండంతా కడిగావు, ఇది కడగలేదేం?”

“మీ దేవుడి బొట్టు కదండీ. నాను సెరిపేస్తే బాగుంటాదేటి? సుట్టూరా తుడిసి దాన్నొదిలీసినాను.”

అతన్ని ఏమనను? అప్ప ఏమంటుందోనని నేనూ దాని చుట్టూనే తుడిచాను. అప్ప మా ఇద్దరి మర్యాదనీ ఒకే చూపుతో చూసి, క్యారేజీ కింద పెట్టి, జాకెట్టుకున్న పిన్నీసు తీసింది.

“ఊపిరాడకుండా పెట్టమని ఏ దేవుడు సెప్పినాడ్రా?” అంటూ పొడిచేసింది.

ఇంజను అందుకుంది. పది నిమిషాలు అయ్యాయి. పదకొండు అయ్యాయి. మెకానిక్ తోలుతుంటే నేను వెనకాలే నడిచాను, తూలి పడబోయే మనిషి వెనక నడిచినట్టు. పక్క తోటాయన గట్టు మీదికొచ్చి నిలబడ్డాడు.

“ఆగుతాదంట కదా?” అన్నాడు.

“ఆగితే సూద్దువుగాని, కూకో మావా,” అంది అప్ప.

ఆయన కూచున్నాడు. సాయంత్రం దాకా ఆయనా నేనూ ఒకే చప్పుడు కోసం చెవులు పెట్టుకుని ఉన్నాం. ఆయనకి ఆగాలి, నాకు ఆగకూడదు. చీకటి పడే ముందు ఆయన లేచి, తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

రోడ్డు వైపు మూల మాత్రం మిగిలిపోయింది. అక్కడ నేల అప్పటికే రాయి అయింది. నాగలి దాని మీద గెంతింది తప్ప దిగలేదు.

మర్నాడు పొద్దున్నే అప్ప నువ్వుల్లో ఇసక కలిపి దున్నిన చోటంతా చల్లేసింది. కౌలు మాట ఎత్తలేదు. నేను అడగలేదు. చల్లడం అయ్యాక రెండు పారలు తెచ్చి, ఒకటి నా చేతికిచ్చి, ఆ మూలకి నడిచింది.

“ఎడ్లుంటే ఇది ఆదివారమే అయిపోయీది,” అంది.

కాలేజీకి ఫోన్ చేసి ఇంకో రోజు సెలవు చెప్పి, తవ్వడం మొదలుపెట్టాను.