కళాయి అజ్మతుల్లా తీసిన ఫొటో

నల్లమాడ బస్టాండు పక్కన నాకొక సెల్‌ఫోన్ రిపేరు అంగడి ఉంది. వచ్చేవాళ్లలో సగం మందికి కావలసింది రిపేరు కాదు, ఉచిత సలహా. చెప్పించుకుని పోతారు, చేసేది మాత్రం తమకు తోచినదే. కళాయి అజ్మతుల్లా ఒక్కడే చెప్పింది చెప్పినట్టు విన్నాడు. అదే నాకిప్పటికీ మింగుడుపడటం లేదు.

"నరేంద్రా, నాణ్యాలు ఫొటో తీసేకి ఏ కెమెరా మంచిదప్పా?" అని అడిగాడు ఒకరోజు వచ్చి.

"నాణ్యాలకు పెండ్లి చేస్తాండావా ఏమన్నా?" అన్నాను. ఆయన నవ్వలేదు.

అజ్మతుల్లాకు అరవై దాటాయి. చుట్టుపక్కల పల్లెల్లో రాగి, ఇత్తడి పాత్రలకు కళాయి పూసి బతికిన మనిషి. ముందు చింతపండు, ఇసుక వేసి పాత్ర నలుపంతా వదిలేదాకా తోమాలి. తర్వాత కొలిమి మీద కాల్చి, తగరం కరిగించి, దూదితో లోపలంతా పూయాలి. స్టీలు వచ్చి ఆ పనిని తినేసింది. ఇప్పుడు పెళ్లి వంటవాళ్ల పెద్ద పెద్ద డేగిసాలు ఎప్పుడైనా వస్తే వచ్చినట్టు. పని పోయినా పేరు ముందున్న కళాయి మాత్రం పోలేదు. ఈ కాలం పిల్లలు అది ఆయన ఇంటిపేరు అనుకుంటారు.

పల్లెల్లో చెంబుల అడుగునా, చేలల్లోనూ దొరికిన పాత రాగి నాణేలను ఆడవాళ్లు "కరిగించుకో సాబూ" అని ఆయనకు ఇచ్చేవాళ్లు. ఆయనకు కరిగించడానికి చేతులు రాక ఒక బిస్కెట్ల డబ్బాలో దాచుకున్నాడు. జిల్లాలో దొరికిన నాణేల మీద పుస్తకం రాస్తున్న రామాంజులు అనే రిటైరైన లెక్చరర్ ఈ సంగతి విని అనంతపురం నుంచి వచ్చాడు. డబ్బాలో ఒక నాణెం దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది. ఒకవైపు ఏనుగు, రెండోవైపు నల్లటి పొరలో రెండు అక్షరాలు. ఏ పాలెగాడో వేయించి ఉంటాడనీ, ఇలాంటిది తాను ఎక్కడా చూడలేదనీ అన్నాడు. తీసుకుపోతానంటే అజ్మతుల్లా ఇవ్వలేదు. అయితే మంచి ఫొటో తీసి పంపమనీ, అక్షరాలు చదవగలిగితే నాణెం బొమ్మ కింద అజ్మతుల్లా పేరు వేస్తాననీ చెప్పి వెళ్లాడు.

"అజ్మతుల్లా, నల్లమాడ అని అచ్చులో పడతాదంటప్పా," అన్నాడు అజ్మతుల్లా. "నేను పూసిన కళాయి యాడుండాది ఇప్పుడు? రెండేండ్లు వాడితే అరిగిపోతాది. ఇదైతే ఉంటాది."

అప్పుడు అర్థమైంది నాకు, ఈయన ఆటకు రాలేదని.

ఎవరో చెప్పారట, దానికి పెద్ద కెమెరా, దాని ముందు బారెడు లెన్సు కావాలని. దుడ్లకు ఇంట్లో మేకను అమ్ముతానన్నాడు. నాకు ఒళ్లు మండింది. "పిండి కొద్దీ రొట్టె అన్నా! నీ చేతిలో ఫోను లేదా? దాని కెమెరా చాలు. కావల్సింది కదలకుండా పెట్టేకి ఒక తావు, పక్క నుంచి వెలుతురు," అని కసిరాను.

మూడు కాళ్ల స్టాండు కొనబోతే అదీ వద్దన్నాను. ఫోనును కిందికి చూసేట్టు పెడితే దాని కాళ్లే ఫొటోలో పడతాయి. ఇంట్లో ప్లాస్టిక్ స్టూలు ఉందిగా, దాని నడుమ బొక్క ఉంటుంది. స్టూలు మీద ఫోను తెర పైకి ఉండేట్టు ఆనించి, బొక్కలోంచి కెమెరా చూసేట్టు పెట్టమన్నాను. కింద ఇటుక మీద గుడ్డ పరిచి నాణెం పెడితే సరి. ఫోనుకు తగిలించే చిన్న భూతద్దాలు నా అంగట్లోనే వేలాడుతున్నాయి. అవీ అంటగట్టలేదు. అంచులు వంకరగా వస్తాయి, దగ్గరికి పోతే ఫోను నీడే నాణెం మీద పడుతుంది. గుండ్రటి లైటు వద్దు, నాణెం నడిమధ్య తెల్లగా కొడుతుంది. చదువుకునే బల్లదీపం ఒకటి పక్కన వాల్చి, ముందర పల్చటి తెల్లకాగితం అడ్డం పెడితే చాలు. బొత్తాం నొక్కితే ఫోను కదులుతుంది కాబట్టి టైమరు పెట్టడం నేర్పించాను. అమ్ముకునేవాడిని నేను, కొనవద్దని చెబుతున్నదీ నేనే. ఇట్లాంటి వ్యాపారం చేసే నేను బాగుపడతానా?

వారం తిరక్కుండానే అజ్మతుల్లా ఫొటోలు తెచ్చి చూపించాడు. అంచుల గీతలతో సహా నాణేలు అచ్చు గుద్దినట్టు వచ్చాయి. ఆ ఏనుగు నాణెం కూడా బాగానే ఉంది, నల్లగా ఉన్నా అక్షరాల గట్లు లీలగా తెలుస్తున్నాయి. రామాంజులుకు పంపాము. ఆయన వెంటనే ఫోన్ చేశాడు. అంగట్లోనే స్పీకరు పెట్టి ఇద్దరమూ విన్నాము.

"శానా బాగుండాయి అజ్మతూ. ఒక అక్షరం పట్టుకున్నా, ఇంకోటి సందేహంగా ఉండాది. దీపం కొంచెం వాల్చి మళ్లీ తియ్యి. గుడ్డ మడతలు కూడా పడినాయి. క్లీన్‌గా రావల్ల, అచ్చుకు పోయేది కదా."

ఆ క్లీన్‌లో నాకు వినిపించింది ఫొటో. నలభై ఏళ్లు నలుపు వదలగొట్టి బతికిన మనిషికి వినిపించింది నాణెం.

రెండో రోజు మధ్యాహ్నం ఆయన దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాడు. "సార్‌కు పంపినా. నువ్వూ చూడు," అని ఫోను చేతికిచ్చాడు. ఫొటోలో మడత లేదు, నీడ లేదు. నడుమ కొత్త చెంబులా ఎర్రగా మెరుస్తున్న రాగి బిళ్ల. ఏనుగు కడుపు మాత్రం మిగిలింది. రెండోవైపు తీసిన ఫొటోలో అంతా నున్నగా ఉంది.

వేళ్లతో పెద్దది చేసి అక్షరాల కోసం వెతికాను. అంతలోనే రామాంజులు ఫోన్ వచ్చింది.

"ఎవరు తోమినారు దీన్ని?"

"నేనే సార్. చింతపండేసి. క్లీన్‌గా రావల్ల అంటివి కదా."

"ఫొటో అన్నానయ్యా, ఫొటో," అన్నాడు రామాంజులు. లోపలి రాగి ఏనాడో అరిగిపోయిందనీ, అక్షరాలు నిలిచి ఉన్నది ఆ నల్లటి పొరలోనేననీ, అది పోతే ఇక చదవడానికి ఏమీ లేదనీ చెప్పాడు. మొదటి ఫొటోలో ఒక్క అక్షరమే తెలుస్తోంది, రెండోది లేనిదే అది ఎవరి నాణెమో తాను రాయలేడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "పోనీ, తక్కినవాటిని ముట్టుకోవద్దు. మన జిల్లా కాసులు రెండు మూడు ఉండాయి దాంట్లో. అవి మళ్లీ తీసి పంపు, వాటి కింద నీ పేరు వేస్తా," అన్నాడు.

నాకు ప్రాణం లేచివచ్చింది. "ఇన్నావా అన్నా? పేరు యాడికీ పోలేదు. పద, ఇప్పుడే తీద్దాం," అని అంగడి షట్టరు సగం దించాను. అజ్మతుల్లా నా వెనకే నడిచాడు. దారిలో రెండుసార్లు పలకరించినా పలకలేదు. మనసు బాగాలేక అనుకున్నాను.

గుమ్మం ముందు ఎండలో ఆయన భార్య హబీబా తెల్లగుడ్డ పరిచి కూర్చుని ఉంది. పక్కన చింతపండు గుజ్జు గిన్నె. గుడ్డ మీద డబ్బాలోని నాణేలన్నీ వరసగా, ఒక్కటీ మిగలకుండా, ఎర్రగా మెరుస్తున్నాయి.

"ఒకదాన్ని తోమి తక్కినవి నల్లగా ఎట్ల ఇడిసిపెట్టేదప్పా," అన్నాడు అజ్మతుల్లా, నాకు మాత్రమే వినపడేట్టు.

హబీబా వేళ్లు పులుపుకు తెల్లబడి ఉబ్బిపోయి ఉన్నాయి. "చూడప్పా నరేంద్రా, ఎట్లుండాయో! ఇద్దరమూ కూర్చొని తోమినాం. వీటన్నిటి కింద మీ అన్న పేరే పడతాదంట కదా?"

నేను అజ్మతుల్లా వైపు చూశాను. ఆయన నేల చూస్తూ, "పడతాది," అన్నాడు.