రుమాలులో బ్యాడ్జి

ఫ్యూజన్ రియాక్టర్‌కు గోడగా నిలబడే ఉక్కు మీద నా పరిశోధన. రేడియేషన్ తగిలి ఆ ఉక్కు లోలోపల ఎలా పెళుసెక్కుతుందో ఈ ఎడారి దేశంలో, నిజ్వా కాలేజీలో పాఠం చెబుతాను. అడగని వాళ్లకూ చెబుతాను.

ఆ రోజు ఇబ్రా వెళ్లే బస్సులో పక్కనున్న జగిత్యాల మనిషికీ చెప్పాను. పైపుల అతుకులను ఎక్స్‌రే తీసే కంపెనీలో అతను రెండేళ్లుగా హెల్పర్. ఒంటిమీద ఎంత రేడియేషన్ పడిందో తెలియడానికి ఆ పనివాళ్లు చొక్కాకు ఒక బ్యాడ్జి పెట్టుకోవాలి. కంపెనీ దాన్ని మూడు నెలలకోసారి తీసుకుని చూస్తుంది.

"నాది ఎప్పుడు జూసినా సున్ననే సార్," అన్నాడు.

"అదెలా వస్తుందయ్యా?" నా గొంతు గట్టిగానే లేచింది.

"పోగొడితె ఇంటికి పంపుతమన్నరు. గందుకే రూమ్‌ల దేవుని పటం కాడ పెట్టి డ్యూటీకి పోత."

ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. ఈలోగా అతనే అడిగాడు.

"ఉక్కుకు ఏమైతదో చెప్పిండ్రు గద. మరి మనిషికి?"

ఉక్కయితే ముక్క కోసి, మైక్రోస్కోపు కింద పెట్టి చెప్పేవాణ్ణి. డాక్టరుకు చూపించుకో అన్నాను. ఆ డాక్టరుకు కూడా కంపెనీ ముందుగా ఆ సున్నాలే చూపిస్తుందని నాకు తెలుసు. ఇకనుంచి పెట్టుకో అనీ అన్నాను. అయిపోయిన రెండేళ్లకు మాత్రం ఏ లెక్కా లేదు.

ఆ రోజు చెకింగ్‌కు ఇవ్వాల్సిన బ్యాడ్జి అతని దగ్గరే ఉంది. రుమాలు మడత విప్పి, నా అరచేతిలో పెట్టాడు.

"సూడుండ్రి సార్, ఒక్క గీత గూడ పడలే."