మంగళవారం మూడు గంటల బల్ల

యాభై రెండేళ్ళ మనిషి పుస్తకాల సంచి భుజాన వేసుకుని రైలెక్కితే మీకు నవ్వెందుకు వస్తుంది? నిజంగానే అడుగుతున్నాను. పోయిన ఆదివారం మా చెల్లెలి ఇంట్లో భోజనాల దగ్గర, హోసూరులో పెద్ద మేనేజరుగా ఉన్న ఆమె అల్లుడు, ఉద్యోగం చేసుకుంటూనే వ్యాపార నిర్వహణలో డాక్టరేటుకు చేరుతున్నానని చెప్పగానే, ఆకుల ముందు కూర్చున్న పదిమందీ ఒక్కసారిగా నవ్వారు. వాళ్ళలో సగం మంది నా ఈడువాళ్ళు, చదువు లేక వెనకబడ్డామని జీవితమంతా వాపోయినవాళ్ళు. ఆ పిల్లవాడు తలవంచుకుని సాంబారు కలుపుకున్నాడు. నేను నవ్వలేదు. పన్నెండేళ్ళ క్రితం, నా యాభై రెండో ఏట, అదే నవ్వు నా మీద పడింది.

అప్పుడు మా బామ్మర్ది వీధి వాకిట్లో నిలబడి, నలుగురికీ వినబడేటట్టు, "ఏం బావా, మనవరాలితో కూడా ఒకే వేనులో పోతావా ఇస్కూలుకి?" అన్నాడు. మా ఆవిడ మాత్రం నవ్వకుండా పెరుగన్నం డబ్బా చేతికిచ్చింది. ఆ శనివారం పొద్దున తమిళనాడులోని మా ధర్మపురి స్టేషన్లో బెంగళూరు బండి ఎక్కినప్పుడు నా గుండెలో ఉన్నది చదువు మీద ప్రేమ కాదని, కోపమని, ఇన్నేళ్ళ తర్వాత ఒప్పుకుంటున్నాను.

ఆ కోపం ఎక్కడిదో చెప్పాలంటే మా నాయన దగ్గరికి వెళ్ళాలి. మాది నాలుగు వందల ఏళ్ళుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరాలు మాత్రం ఇంట్లో మా మేనత్త ఒక్కతెకే వచ్చు, ఆమె నాకు నేర్పింది, ఆ పుణ్యాన ఇది రాస్తున్నాను. పుణ్యమన్న మాట అలవాటుగా వచ్చింది, క్షమించండి. మా నాయన బట్టల దుకాణం మూసి సాయంత్రం హేతువాద సభలకు పోయి, దేవుడున్నాడా లేడా, జాతకం నిజమా అబద్ధమా అని తమిళంలో గంటలకొద్దీ వాదించి, గొంతు పోగొట్టుకుని ఇంటికి వచ్చేవాడు. నా పెళ్ళి పట్టుబట్టి రాహుకాలంలో చేయించాడు. పంతులు లేడు, ముహూర్తం లేదు, రెండు దండలు, ఒక ఉపన్యాసం. ఆయన తర్వాత ఆ వేదికలు నేనెక్కాను. ఎదుటివాడి వాదంలో కన్నం ఎక్కడుందో కనిపెట్టడంలో నాకు ఊళ్ళో పేరుండేది. నా వాదంలో కన్నం వెతుక్కోవడం నాకెవరూ నేర్పలేదు.

నేను పనిచేసింది పాలకోడు రోడ్డులో, మా వైపు తక్కాళి అనే టమాటాల గుజ్జు తీసే ఒక ఫ్యాక్టరీలో. కొనుగోలు విభాగంలో మేనేజరుగా చేరి, మెట్టు మెట్టుగా ఎక్కి, పై అంతస్తులో అద్దాల గదికి చేరాను. పెద్ద రైతుల లారీలు ఒప్పందం ప్రకారం నేరుగా లోపలికి పోయేవి. ఒప్పందం లేని చిన్న రైతులు నాలుగైదు పెట్టెలు తెచ్చి గేటు బయట ఆగేవారు. వాళ్ళ పండ్లు చూసి ఏరడానికి రోజుకు ఒకసారి ఒక బల్ల వేసేవాళ్ళు. ఆ బల్ల దగ్గర చాలా పండు కుళ్ళి పారబోతకు పోయేది. పైకి వచ్చే కాగితాలు తిరగేస్తుంటే ఒక వింత కనబడింది: రైతు గేటు దగ్గర ఆగే సమయం వారాన్ని బట్టి మారుతోంది. ఆదివారం ఎలాగూ సెలవు; సోమవారం తక్కువ, మంగళవారం అన్నిటికంటే ఎక్కువ, శుక్రవారం నడిమధ్య. వారాన్ని బట్టి మారేది మన దేశంలో ఇంకేముంది? రాహుకాలం! సోమవారం పొద్దున ఏడున్నరకు, మంగళవారం మధ్యాహ్నం మూడుకు, శుక్రవారం పదిన్నరకు. దొరికిందిరా అనుకున్నాను. ఈ మూఢనమ్మకం ఎన్ని పండ్లను కుళ్ళబెడుతోందో లెక్కగట్టి, డాక్టరేటు ముద్ర వేయించి, ఇక ఎవడూ నోరెత్తకుండా చేయాలన్నది నా పట్టుదల. ఆ పట్టుదలతోనే రెండేళ్ళు ప్రతి శని, ఆదివారం బెంగళూరు పోయి, నా కొడుకు వయసువాళ్ళ పక్కన కూర్చుని, పరిశోధనా పద్ధతులు చదివాను, గణాంకాల పరీక్ష ఒకసారి తప్పి రెండోసారి గట్టెక్కాను.

నా పరిశోధనకు దారి చూపవలసిన ప్రొఫెసరమ్మ నాకంటే పద్నాలుగేళ్ళు చిన్నది. నా ముప్పై పేజీల ప్రతిపాదన మొత్తం చదివి, ఇందులో ప్రశ్న ఎక్కడుంది సార్ అని అడిగింది. మొదటి పేజీ నుంచీ జవాబే ఉందట. ఆ రైతుల్లో ఒక్కరినైనా అడిగారా అంది. నేను సీనియర్ మేనేజరును, సమాచారం నా దగ్గరికి వస్తుంది, నేను దాని దగ్గరికి పోను అన్నాను. ఆమె కోపగించలేదు. ఒక మంగళవారం కారు లేకుండా, పేరు చెప్పకుండా, పొద్దున్నుంచి పండు దించేదాకా గేటు బయట కూర్చుని రమ్మంది. అంతవరకు నా కాగితాలు చదవనంది.

సెలవు పెట్టాను. పంచె కట్టి, తలకు తువ్వాలు చుట్టి, బస్సు దిగి, తొమ్మిదింటికి మా గేటు ముందు నేనే ఒక దిక్కులేని మనిషిలా నిలబడ్డాను. కాపలావాడు నన్ను గుర్తుపట్టలేదు. ఎలా పడతాడు? వాడు చూసింది కారు అద్దాన్ని. ప్రహరీ నీడలో పాతికమంది ఉన్నారు. ఏరియూరు నుంచి నలుగురితో కలిసి టెంపో మాట్లాడుకుని వచ్చిన ఒక అవ్వ, డెబ్భై దాటి ఉంటుంది, నాలుగు పెట్టెల మీద తడి గోనె కప్పి పక్కన కూర్చుంది. ఆమె తెలుగు మా ఇంటి తెలుగే. చోటిస్తే పక్కన కూర్చున్నాను. పన్నెండయింది, ఒంటిగంటయింది. నీడ తప్పుకున్నప్పుడల్లా ఆమె లేచి పెట్టెలు లాగేది, నేనూ ఒక చేయి వేశాను. రెండింటికి పెట్టెల అడుగు నుంచి ఎర్రగా నీరు కారడం మొదలైంది. ఇక ఉండబట్టలేక, వేదిక మీద చేసే వెటకారం గొంతులోకి తెచ్చుకుని అడిగాను.

"ఏమవ్వా, రాహుకాలం పోయేదాకా దించగూడదని ఆగినావా?"

"పోయేదాకా కాదు నాయనా, వచ్చేదాకా."

అర్థం కాలేదని నా మొహం చూసి ఆమెకే తెలిసినట్టుంది. "మంగళారం మూడుకి కదా వచ్చేది? అప్పుడే లోపల బల్ల తెరిచేది. పెద్దసారు ఒకడుండాడంట పైన. రాహువంటే ఆయప్పకి శానా బక్తి. ఆ గడియ రానిదే పండు ముట్టొద్దని చెప్పిండాడంట."

అవతల బీడీ కాలుస్తున్న రైతు ఊరుకోలేదు. "బక్తి కాదు పెద్దమ్మా. ఎవురో జోసీడు చెప్పింటాడు. ఆ సారుకి ఏదో దోసముంటాది."

"ఏం దోసమో గాని, మా తక్కాళికి పట్టింది," అంది అవ్వ.

అందరూ నవ్వారు. వాళ్ళ నవ్వుకు నేనూ నవ్వవలసి వచ్చింది.

మూడింటికి గంట కొట్టారు. బల్ల తెరిచారు. ఏరే అమ్మాయి ఒక్కో పండునూ వేలితో నొక్కి, మెత్తబడినదాన్ని పక్కకు తోసింది. అవ్వ తెచ్చిన నాలుగు పెట్టెల్లో ఒక పెట్టె మొత్తం అలా పోయింది. ఆమె గోనెను దులిపి మడత పెట్టుకుంది. నేను అక్కడే నిలబడి, పదకొండేళ్ళ వెనక్కి పోయాను. నేను కొనుగోలు విభాగంలో కొత్తగా చేరిన రోజుల్లో, ఒక సోమవారం ఎనిమిదింటికి బల్ల ఎందుకు వేయలేదని సూపర్‌వైజరును అడిగితే, రాహుకాలం సార్, తొమ్మిది కానీయండి అన్నాడు. నా ఒళ్ళు మండింది. పదిమంది ముందు అరగంట ఉపన్యాసమిచ్చి, ఇకమీదట ప్రతిరోజూ సరిగ్గా రాహుకాలంలోనే ఈ బల్ల తెరవాలి, ఏం మునిగిపోతుందో చూస్తాను అని ఆజ్ఞ వేశాను. ఒక నెల జరిపి మాన్పిద్దామనుకున్నానేమో. పై అంతస్తుకు పోయాను, మరిచిపోయాను. నిజం, మరిచిపోయాను. మోసినవాళ్ళు మరవలేదు.

మర్నాడు ఆ సూపర్‌వైజరునే గదికి పిలిచి, ఇన్నేళ్ళు ఎందుకు సాగించావని అడిగాను. అతను చేతులు కట్టుకుని, "మీరే కదా సార్ చెప్పింది. మీ మాటకి కారణం అడిగేది ఎట్లా?" అన్నాడు. కారణం అడగండి, కారణం అడగండి అని ముప్పై ఏళ్ళు మైకుల్లో అరిచిన మనిషిని నేను. నా కింద పనిచేసేవాళ్ళకు ఆ ధైర్యం ఒక్క ఉదయమైనా ఇవ్వలేదు.

ఆ తర్వాత నేను చేసిన ఆలోచన చెప్పడానికి ఇప్పటికీ సిగ్గు. నా పరిశోధన పోలేదు, ఇంకా పదునెక్కింది అనుకున్నాను. ఈ పంట కాలమంతా బల్లను ఇలాగే నడవనిచ్చి, నష్టం లెక్క పూర్తిగా తీసి, వచ్చే ఏడాది పొద్దున్నే తెరిచి రెండింటినీ పోల్చితే, పరీక్షకులు వేలెత్తి చూపలేని గ్రంథం అవుతుంది. ప్రొఫెసరమ్మను అడిగితే, లెక్కకు అదే శుభ్రమైన పద్ధతి, కానీ నిర్ణయం మీది అంది. సరేనని, అవ్వ మాటలు నమోదు చేసుకోవడానికి ఒక ఆదివారం ఏరియూరు పోయాను. ఆ పెద్దసారును నేనేనని ముందే చెప్పాను. చెప్పకుండా రాసుకోవడం తప్పని ఆ పద్ధతుల పాఠంలోనే నేర్చుకున్నాను. ఆమె నన్ను తల నుంచి కాలిదాకా చూసింది.

"నువ్వా? చూస్తే చదువుకున్నోడి మాదిరి ఉండావే!"

చదువుకోవడానికే అవ్వా ఇదంతా అని, పంట కాలం ఆఖరుదాకా ఎందుకు ఆగాలో వివరించాను. ఓపిగ్గా విని, చేతిలో చింతపండు గింజ తీస్తూనే అడిగింది: "అంటే, నువ్వు పాసయ్యేదాకా మా తక్కాళి కుళ్ళాల్నా?"

ఎన్ని వేదికలెక్కానో, ఎందరి నోళ్ళు మూయించానో. ఆ వాకిట్లో కలానికి మూత పెట్టి, రాసుకునే పుస్తకం మూసేశాను. ఆమె చెప్పింది ఒక్కటే: "ముందు బల్ల తెరిపీ. మళ్ళా రాసుకో."

మర్నాడు సోమవారం, ఏడు గంటలకు బల్ల తెరిపించాను. సూపర్‌వైజరు గడియారం చూసి, "ఏడున్నరకి వస్తుంది సార్, అప్పుడు మూసేదా?" అని భయంభయంగా అడిగాడు. "దాన్ని నువ్వూ చూడొద్దు, నేనూ చూడను. పండ్లు చూడప్పా," అన్నాను. ఆ ఒక్క పనితో సగం లెక్కలు ఎందుకూ పనికిరాకుండా పోయాయి. గ్రంథం మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. మూడేళ్ళలో ముగుస్తుందనుకున్నది ఐదేళ్ళయింది. బామ్మర్ది ప్రతి దీపావళికీ, "ఏం బావా, ఫెయిలా?" అని అడిగేవాడు. ఫెయిలే అనేవాడిని, మళ్ళీ శనివారం బండి ఎక్కేవాడిని.

ఇంకో దెబ్బ మా వాళ్ళ నుంచే వచ్చింది. నాతో వేదికలు పంచుకున్న మిత్రుల్లో పెద్దాయన, రిటైరైన హెడ్మాస్టరు, ఆ ఆజ్ఞ సంగతి ఉన్న నా నాలుగో అధ్యాయం చదివి, దీన్ని తీసెయ్, శత్రువులు దీన్ని క్యాలెండరు మీద అచ్చువేసి గోడలకు తగిలిస్తారు అన్నాడు. రాహుకాలం నిజమని నేను రాయలేదు, అది అబద్ధమే, కానీ అబద్ధాన్ని తిట్టే ఆవేశంలో దాన్ని గడియారం చేసుకుని ఒక ఫ్యాక్టరీని నడిపిన మూర్ఖుణ్ణి నేను అన్నాను. మన తప్పును మనమే దాస్తే మనకూ వాళ్ళకూ తేడా ఏమిటన్నాను. ఆయన ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు ఆయనే వచ్చి టీ అడిగాడు, ఆ ఊసు ఎత్తలేదు.

చివరి మౌఖిక పరీక్ష రోజున బయటినుంచి వచ్చిన పరీక్షకుడు గ్రంథం తిరగేస్తూ, నాలుగో అధ్యాయంలో ఈ ఆజ్ఞ వేసిన మేనేజరును మీరు ప్రశ్నించారా, అతను ఏ కారణం చెప్పాడు అని అడిగాడు. ఆ మేనేజరును నేనే అన్నాను. కారణం ఏమీ లేదు, గెలవాలన్న కోరిక తప్ప అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఐదో అధ్యాయానికి పోదామన్నాడు. ఆ సాయంత్రమే ఉత్తీర్ణుడినని చెప్పారు.

ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ గేటు ముందు ఎవరూ ఆగరట. ఎవరు ఎన్నింటికి రావాలో ఫోను చెబుతుంది. మంచిదే, పండు కుళ్ళదు. కానీ ఆ ప్రహరీ నీడలో కూర్చుని పైవాణ్ణి వెక్కిరించే పాతికమంది కూడా లేరు. అవ్వ పోయింది, ఆమె కొడుకులు బెంగళూరులో కట్టడాల పనిలో ఉన్నారు. మేము వాదించుకున్న హాలు పెళ్ళిమండపమైంది. మిగిలిన నలుగురం ఎవరి ఫోనులో వాళ్ళం, మాకు ముందే నచ్చిన మాటలే ఒకరికొకరం పంపుకుంటున్నాం. ఎదురుగా కూర్చుని, నువ్వు తప్పురా అనే మనిషి కోసం ప్రాణం కొట్టుకుంటుంది. మునుపు నియమం పెట్టినవాడు పైన ఒకడున్నాడనైనా తెలిసేది, తిట్టుకునేవాళ్ళం; ఇప్పుడు అది ఎవడు పెట్టాడో కూడా తెలియదు.

నా ఈడువాళ్ళారా, మీలో ఇంటి పెద్దలున్నారు, సంఘాల అధ్యక్షులున్నారు, ఇంకా కుర్చీ వదలని అధికారులున్నారు. ఎప్పుడో కోపంలోనో, గర్వంలోనో మీరు పెట్టిన నియమం ఒకటి ఇంకా ఎవరి మీదో నడుస్తూనే ఉంటుంది. ఈ వ్యాసం పక్కన పెట్టండి. రేపు పొద్దున లేచి, దాని కింద ఎదురుచూస్తున్న మనిషి పక్కన పోయి కూర్చోండి. ఎందుకు ఆగావని అడగండి. అతను చెప్పేది ఆఖరుదాకా వినండి. విన్నాక మధ్యాహ్నం దాకా ఆగవద్దు, ఆ పూటే ఆ నియమాన్ని ఎత్తివేయండి.